జేబులో ఇమిడే గ్రంథాలయం: తెలుగు లిపికి అందులో చోటెంత?

వేసవి సెలవులు ముగించుకొని హైదరాబాదు నుంచో, విజయవాడ నుంచో మస్కట్‌కు తిరిగివచ్చే తెలుగు కుటుంబాల సామానులో ఆవకాయ డబ్బాకు, కందిపొడికి, కొత్తబట్టలకు చోటు దొరికిన తరువాతనే పుస్తకాలకు చోటు దొరుకుతుంది. విమానాశ్రయంలో తూకం మించితే పెట్టెలోనుంచి ముందుగా బయటికి వచ్చేవి కూడా పుస్తకాలే. ఇందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు. ఆకలి మాట ముందు, అక్షరం మాట తరువాత అనేది లోకరీతి. కాని ఈ రీతి ఏటేటా కొనసాగితే ఇంట్లో తెలుగు పుస్తకం అనేదే కనిపించని స్థితి ఏర్పడుతుంది. ఆంగ్లమాధ్యమంలో చదివే పిల్లలకు తెలుగు వినికిడి భాషగా మాత్రమే మిగిలి, చదువు భాషగా కనుమరుగవుతుంది.

ఒమన్‌లో ప్రవాసుల నివాసం ఉద్యోగంతో ముడిపడినది. నేడు రువీలో ఉన్న కుటుంబం రేపు సోహార్‌కో, సలాలాకో, దుఖ్మ్‌కో తరలవలసి రావచ్చు. తరలిన ప్రతిసారీ అలమరలోని పుస్తకాలు కొన్ని పంపకమైపోతాయి, కొన్ని అటకెక్కుతాయి. ప్రకృతి కూడా అప్పుడప్పుడు తన వంతు తీసుకుంటుంది. 2007 జూన్‌లో గోను తుఫాను మస్కట్ వీధులను ముంచెత్తింది. 2021 అక్టోబరులో షాహీన్ తుఫాను బాతినా తీరాన్ని అతలాకుతలం చేసింది. నీట తడిసిన కాగితానికి పునర్జన్మ లేదు. ఇటువంటి చోట చొక్కా జేబులో ఇమిడి, వేల పుస్తకాలను మోయగల పరికరం ఒకటి ఉన్నదంటే తెలుగువారు దానివైపు ఆశగా చూడడం సహజం. ఆ ఆశ ఎంతవరకు నెరవేరుతుంది, నెరవేరకపోతే లోపం ఎక్కడున్నది అనేవి పరిశీలించదగిన ప్రశ్నలు.

కాగితాన్ని పోలిన తెర

విద్యుత్ పుస్తకపఠన పరికరాన్ని జనసామాన్యం ఈ-రీడర్ అని పిలుస్తున్నారు. దీని ప్రాణమంతా తెరలో ఉన్నది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జోసెఫ్ జేకబ్‌సన్ బృందం చేసిన పరిశోధన ఫలితంగా 1997లో ఈ-ఇంక్ సంస్థ ఏర్పడింది. వారి తెరలో తలవెంట్రుక మందమంత సూక్ష్మగోళాలు లక్షలకొలది ఉంటాయి. ఒక్కొక్క గోళంలో స్వచ్ఛమైన ద్రవం, అందులో తేలియాడే తెల్లని, నల్లని కణాలు ఉంటాయి. తెల్లని వాటికి ధనావేశం, నల్లని వాటికి ఋణావేశం. అడుగున ఉన్న విద్యుద్ధ్రువం ఆవేశాన్ని మార్చినప్పుడు ఒక రంగు కణాలు పైకి వస్తాయి, మరొక రంగు కణాలు కిందికి దిగుతాయి. పైకి వచ్చిన కణాలే పాఠకునికి అక్షరాలై కనిపిస్తాయి.

ఈ తెర ప్రత్యేకత ఏమంటే, ఒకసారి కుదురుకున్న కణాలు విద్యుత్తు లేకపోయినా అక్కడే నిలిచిపోతాయి. పుట తిప్పినప్పుడు మాత్రమే విద్యుత్తు ఖర్చవుతుంది. అందువల్లనే ఒకసారి నింపిన బ్యాటరీ రోజుల తరబడి, కొన్నిటిలో వారాల తరబడి వస్తుంది. రెండవ ప్రత్యేకత, ఈ తెర తనంత తాను వెలగదు. తనపై పడిన వెలుగును కాగితంవలె తిప్పిపంపుతుంది. సెల్‌ఫోను తెర ఎండలో వెలవెలబోతే, ఈ తెర ఎండలో మరింత స్పష్టమవుతుంది. చలికాలపు సాయంకాలం కురుమ్ సముద్రతీరాన కూర్చుండి చదవదలచిన వారికి ఇంతకన్న అనువైనది లేదు.

ఇటువంటి తెరతో తొలి వాణిజ్య పరికరం లిబ్రియేను సోనీ సంస్థ 2004లో జపానులో విడుదల చేసింది. 2007 నవంబరులో అమెజాన్ సంస్థ కిండిల్ వచ్చింది. జేబు పరిమాణం మీద ఆసక్తి కూడా పాతదే. 2009లో సోనీ 5 అంగుళాల తెరతో ఒక జేబు పరికరాన్ని తెచ్చింది. 2023లో ఫోను ఆకారంలో, 6.13 అంగుళాల తెరతో, ఆండ్రాయిడ్ మీద నడిచే బూక్స్ పాల్మా వెలువడింది. 2025లో వచ్చిన ఎక్స్‌టీఇంక్ ఎక్స్4 తెర 4.3 అంగుళాలు మాత్రమే. దానికి స్పర్శతెర లేదు, లోపల దీపం లేదు. మీటలు నొక్కి పుట తిప్పుకోవాలి. ధర తగ్గిన కొద్దీ, పరిమాణం చిన్నదైన కొద్దీ లోపలి గణనశక్తి కూడా తగ్గుతుందన్న సంగతి కొనుగోలుదారు మరువరాదు. తెలుగు పాఠకునికి చిక్కు మొదలయ్యేది ఇక్కడే.

ఒక్క అక్షరం వెనుక ఆరు సంకేతాలు

ఆంగ్ల లిపిలో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. తెలుగులో అవి ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లో వెలువడిన తొలి సంపుటం నుంచే స్థానమున్నది; లిపికి 128 స్థానాల గడి కేటాయించబడినది. కాని అందులో ఒత్తులకు వేరే సంకేతాలు లేవు. 'స్త్రీ' అన్నది కంటికి ఒకే అక్షరం. యంత్రానికి మాత్రం అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అనే ఆరు సంకేతాల వరుస. ఈ ఆరింటిని కలిపి ఒక్క రూపంగా కూర్చే పని ఫాంటు ఒక్కటే చేయలేదు. ఫాంటులోని నియమాలను చదివి, ఏ ఒత్తు ఎక్కడ చేరాలో, ఏ గుడి దేనిమీద వాలాలో నిర్ణయించే మరొక కూర్పు యంత్రాంగం పరికరంలో ఉండాలి. హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అటువంటిది. ఆండ్రాయిడ్ ఫోనులలో అక్షరాలను కూర్చేది అదే.

ఈ కూర్పు యంత్రాంగం లేని పరికరంలో ఎంత చక్కని తెలుగు ఫాంటు వేసినా ఒత్తులు విడిపోయి, పొల్లులు బయటపడి, చదువు వచ్చినవారికి కూడా చదవరాని రూపం ఏర్పడుతుంది. 'ఫాంటు వేశాము, అయినా అక్షరాలు రాలేదు' అని నిరాశపడేవారి సమస్య తరచుగా ఇదే. ఆతిథ్య దేశపు భాషకు కూడా ఇటువంటి కష్టమే ఉన్నది. అరబ్బీ అక్షరం పదంలో తన స్థానాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది, పైగా కుడినుంచి ఎడమకు నడుస్తుంది. కూర్పు తెలియని యంత్రం దానినీ ముక్కలు చేస్తుంది. లాటిన్ లిపి ఒక్కదానినే ఊహించుకొని చేసిన చవక పరికరం మస్కట్ బజారులో ఇటు ప్రవాసికీ, అటు స్థానికునికీ సమానంగానే అన్యాయం చేస్తుందన్నమాట.

వాణిజ్యరంగం కూడా తెలుగును ఆలస్యంగానే తలచుకుంటున్నది. 2016 డిసెంబరులో అమెజాన్ సంస్థ కిండిల్‌లో అయిదు భారతీయ భాషల పుస్తకాలను ప్రారంభించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం అందులో ఉన్నాయి, తెలుగు లేదు. కోట్ల మంది మాట్లాడే భాషకు ఈ లోటు సంఖ్యాబలం లేక వచ్చినది కాదు. ఈ-పుస్తకం కొని చదివే అలవాటు, సరైన రూపంలో పుస్తకాన్ని సిద్ధపరచే అలవాటు తెలుగువారిలో బలపడకపోవడం కూడా కారణాలలో ఒకటని ఒప్పుకోక తప్పదు.

పుట చిత్రం వేరు, పుస్తకం వేరు

తెలుగు ఇళ్ళలో 'ఈ-పుస్తకం' అనగానే చేతికి వచ్చేది పీడీఎఫ్. ఇది 1993లో అడోబీ సంస్థ ప్రవేశపెట్టిన రూపం. ముద్రణాలయానికి పంపే పుటను ఎక్కడ తెరిచినా ఒకేలా చూపడం దాని ధర్మం. ఆ ధర్మమే చిన్న తెరమీద అధర్మమవుతుంది. ఐదున్నర అంగుళాల వెడల్పున్న పుటను రెండు అంగుళాలకు కొద్దిగా మించిన వెడల్పుగల తెరలో చూపితే, 12 పాయింట్ల అక్షరం 5 పాయింట్లకు కుంగిపోతుంది. ఆ పరిమాణంలో ఆంగ్లమే కష్టం. కింద ఒత్తు, పైన గుడి మోసే తెలుగు అక్షరం మాట చెప్పనక్కరలేదు.

దీనికి విరుగుడు ఈపబ్ అనే రూపం. 2007లో ప్రమాణంగా వెలువడిన ఈ రూపంలో పుస్తకం చిత్రంగా కాక, పాఠంగా ఉంటుంది. తెర ఎంత ఉంటే అంతకు తగినట్టు పంక్తులు తమంత తాము సర్దుకుంటాయి. అక్షరాన్ని పెద్దది చేస్తే పుటల సంఖ్య పెరుగుతుందే కాని పంక్తి తెర దాటిపోదు. చత్వారం వచ్చిన తాతగారికి, అక్షరాలు కూడబలుక్కొనే మనుమరాలికి ఒకే పుస్తకం రెండు తీరుల సరిపోతుంది. బరువు కూడా స్వల్పం. పుటకు 1,500 సంకేతాల చొప్పున 300 పుటల నవలలో 4,50,000 సంకేతాలు. తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు అనుకున్నా మొత్తం 13.5 లక్షల బైట్లు. 32 గిగాబైట్ల చిన్న కార్డులో అటువంటివి ఇరవై వేలకు పైగా పడతాయి. తెలుగు కుటుంబానికి కొరవడినది చోటు కాదు, ఆ రూపంలో ఉన్న పుస్తకం.

పరికరాన్ని సిద్ధపరచే క్రమం

కొనుగోలుకు ముందు చేయవలసిన పరీక్ష ఒకటున్నది. స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, క్షేత్రం, కృష్ణ, శ్రీకాకుళం వంటి పదాలు గల చిన్న ఈపబ్ ఫైలును చిన్న కార్డులో పెట్టుకొని అంగడికి వెళ్ళి, అక్కడి పరికరంలో తెరిపించి చూడాలి. ఆ పదాలు విరగకుండా వస్తే మిగిలిన పుస్తకాలు కూడా వచ్చే అవకాశం ఎక్కువ. అంగడివాని మాటకన్న ఈ ఆరు పదాల సాక్ష్యం నమ్మదగినది. ఆండ్రాయిడ్ మీద నడిచే పరికరాలలో సాధారణంగా తెలుగు సరిగా కనిపిస్తుంది. మరికొన్ని పరికరాలలో కోరీడర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును వేసుకొని, దానికి తెలుగు ఫాంటును జతచేయవచ్చు.

ఫాంటుల విషయంలో కొరత లేదు. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంటులు, సిలికానాంధ్ర అందుబాటులోకి తెచ్చిన మండలి, గురజాడ, రామభద్ర వంటివి ఉచితంగా లభిస్తున్నాయి. చిన్న తెరకు గీత సన్నగా ఉన్న అలంకారపు ఫాంటు పనికిరాదు; గీత మందంగా, ఒత్తులు స్పష్టంగా ఉన్నది ఎంచుకోవాలి. ఆంగ్లానికి చాలిన పంక్తుల ఎడం తెలుగుకు చాలదు. పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని తాకకుండా ఎడం పెంచాలి. తెలుగులో పదాలు సమాసాలై సాగుతాయి కనుక, ఇరుకు తెరలో రెండు అంచులూ సమంగా ఉండాలని పట్టుబడితే పదాల మధ్య పెద్ద ఖాళీలు ఏర్పడతాయి. కుడి అంచును దాని ఇష్టానికి వదలివేయడమే మేలు.

పుస్తకాలను సర్దుకొనుటకు కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉన్నది. కోవిద్ గోయల్ 2006లో ప్రారంభించిన ఈ కార్యక్రమంతో పుస్తకం పేరు, రచయిత పేరు సరిదిద్ది, ఒక రూపంనుంచి మరొక రూపానికి మార్చి, పరికరంలోకి పంపవచ్చు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క అర ఏర్పరచి, పిల్లల అరలో ఒకేసారి ఇరవై పుస్తకాలు కాక రెండు మూడు మాత్రమే ఉంచడం ఉపయోగకరం. ఎంపిక ఎక్కువైన చోట పఠనం తక్కువవుతుంది.

ఒమన్ వాతావరణంలో మరొక జాగ్రత్త అవసరం. 2018 జూన్ 26న కురియాత్‌లో రోజు మొత్తం మీద ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకు తగ్గలేదు. ఇటువంటి నేలమీద తలుపులు మూసిన కారులో పరికరాన్ని వదలడమంటే లిథియం బ్యాటరీ ఆయుష్షును చేతులారా తగ్గించడమే. ఎండలో చదవగల తెర అంటే ఎండలో మరచిపోదగిన పరికరమని అర్థం కాదు. ఎడారి గాలిలోని సన్నని ఇసుక మీటల సందులలో చేరకుండా ఒక గుడ్డసంచి, సలాలా ఖరీఫ్ కాలపు తేమనుంచి కాపాడుటకు మూతగల పెట్టె ఉంటే చాలు.

ఫోను ఉండగా ఇది దేనికి?

ఈ ప్రశ్న న్యాయమైనదే. ఫోనులో తెలుగు ముత్యాలవలె కనిపిస్తుంది. అది అందరి చేతిలోనూ ఉన్నది. నెలజీతంలో అధికభాగం గోదావరి జిల్లాలకో, కడపకో, కరీంనగర్‌కో పంపే శ్రామికునికి మరొక పరికరం కొనుమని చెప్పడం ధర్మం కాదు. అయితే మంచి ఈపబ్ పుస్తకం ఫోనులో కూడా అంతే చక్కగా తెరుచుకుంటుంది. మస్కట్ నుంచి సలాలాకు దాదాపు 1,000 కిలోమీటర్ల బస్సు ప్రయాణంలో, సంకేతాలు అందని ఎడారి దారిలో కూడా అది చదవవచ్చు. కనుక పరికరమా, ఫోనా అన్నది ఎవరి స్తోమతను బట్టి వారు తేల్చుకోవలసినది. ప్రత్యేక పరికరానికున్న ఒకే గొప్ప సుగుణం, అందులో ఆట లేదు, పిలుపు లేదు, వీడియో లేదు. పదేళ్ళ పిల్లవాని చేతిలో ఇది చిన్న విషయం కాదు.

కొన్న పుస్తకం ఎంతవరకు సొంతమన్న ప్రశ్న కూడా ఉన్నది. 2009 జూలైలో హక్కుల వివాదం వల్ల జార్జ్ ఆర్వెల్ నవలలను అమెజాన్ సంస్థ పాఠకుల కిండిళ్ళనుంచి దూరంనుంచే తొలగించింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తక విక్రయశాలను మూసివేసినప్పుడు డబ్బు తిరిగి ఇచ్చినది కాని, కొన్న పుస్తకాలు పాఠకుల వద్ద మిగలలేదు. అందువల్ల తాళం లేని ఈపబ్ ప్రతిని, ఇంటి కంప్యూటరులో ఒకటి, స్వదేశంలోని బంధువుల వద్ద ఒకటి ఉంచుకొనడం వివేకం. గోను వరదలో తడిసిన పుస్తకానికి లేని భాగ్యం దీనికి ఉన్నది.

సంఘాలు చేయదగిన పని

పుస్తకాలు లేవా అంటే, ఉన్నాయి. కాటూరు గ్రామంలో జన్మించి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి ప్రోద్బలంతో సాగిన పది లక్షల పుస్తకాల పథకం, దానికి అనుబంధంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు గ్రంథాలను ఛాయాచిత్రాలుగా భద్రపరచాయి. వాటిలో అనేకం నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి. కాని అవి చిత్రాలు. చిన్న తెరలో చదవదగిన పాఠాలు కావు. వాటిని యంత్రంచేత చదివించి, మ-య, ప-ష వంటి పోలిక అక్షరాల వద్ద అది చేసిన తప్పులను మనుషులు దిద్దితేనే పాఠం సిద్ధమవుతుంది. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద సేవకులు చేస్తున్నది ఈ పనే. అక్కడ పూర్తయిన పుస్తకాన్ని నేరుగా ఈపబ్ రూపంలో దింపుకోవచ్చు.

ఒమన్‌లోని 40 తెలుగు కుటుంబాలు వారానికి 5 పుటల చొప్పున దిద్దితే వారానికి 200 పుటలు, ఏడాదిలో 50 వారాలు పనిచేసినా 10,000 పుటలు అవుతాయి. 250 పుటల పుస్తకాలు ఏటా 40 అన్నమాట. 1915లో కన్నుమూసిన గురజాడ, 1919లో కన్నుమూసిన వీరేశలింగం, 1946లో కన్నుమూసిన చిలకమర్తి వంటివారి రచనలకు కాపీహక్కుల అడ్డంకి లేదు. పుట దిద్దే తండ్రి పక్కన కూర్చుండి ఒత్తులు పోల్చిచూసే బిడ్డకు అంతకుమించిన తెలుగు పాఠం వేరొకటి ఉండదు. ప్రవాసులు ఇటువంటి పని చేయలేరని అనుకొనుటకు వీలులేదు. 1990ల తొలినాళ్ళలో ఆంగ్ల మీటలతో తెలుగు రాయుటకు ఆర్.టి.ఎస్. పద్ధతిని రూపొందించినది అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లే.

ఇక సంఘాలు తమ ఇంటినుంచే ప్రారంభించవలసిన సంస్కరణ ఒకటున్నది. దశాబ్దాలుగా తెలుగు సంచికలు అనేకం యూనికోడ్ కాని ఫాంటులలో కూర్చబడుతున్నాయి. కాగితంమీద అవి అందంగానే ఉంటాయి. కాని ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ పాఠం అర్థంలేని గుర్తుల కుప్ప; వెదకుటకు వీలుకాదు, జేబు పరికరంలో చదువుటకు వీలుకాదు. ప్రతి ఏటి సంచికను యూనికోడ్‌లో కూర్చి, కాగితపు ప్రతితోపాటు ఈపబ్ ప్రతిని కూడా సభ్యులకు పంచడం సంఘాలకు పెద్ద వ్యయం కాదు. మస్కట్ ఇండియన్ సోషల్ క్లబ్‌లో భాషలవారీ విభాగాలు పనిచేస్తున్నాయి; భాషాసేవ అంటే వేదికమీద పాట, నాట్యం మాత్రమే కాక, చదవదగిన పాఠాన్ని తరువాతి తరానికి అప్పగించడం కూడా అని గుర్తిస్తే చాలు.

జేబులో ఇమిడే యంత్రం ఏటేటా మారుతుంది. 2009 నాటి పరికరం నేడు అంగడిలో లేదు; నేటిది మరి పదేళ్ళకు ఉండకపోవచ్చు. సరిగా కూర్చిన పాఠం మాత్రం ఒక యంత్రంనుంచి మరొక యంత్రానికి చెక్కుచెదరకుండా నడిచిపోతుంది. పరికరం కొనడానికి పది మంది ఉత్సాహపడితే, పాఠం సిద్ధపరచడానికి ఒక్కరు కూర్చుంటున్నారు. ఈ నిష్పత్తి తలకిందులైన నాడు, సెలవుల తిరుగు ప్రయాణంలో ఆవకాయ డబ్బాతో పోటీపడవలసిన అవసరం తెలుగు పుస్తకానికి ఉండదు.